4 జీబీ ల్యాప్‌టాప్‌తో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్: ఎక్కడ చేరాలి, ఎలా అడగాలి?

నాగావళి_గట్టు (రాయగడ)

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఎంసీఏ రెండో ఏడు. జావా, పైథాన్ వచ్చు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, అంటే లూప్‌లూ మారే విలువలూ కాకుండా ఫంక్షన్లను కలుపుకుంటూ కోడ్ రాసే పద్ధతి, సొంతంగా నేర్చుకోవాలని మొదలుపెట్టాను. వెతికితే రెడిట్ అంటారు, డిస్కార్డ్ అంటారు, స్లాక్, టెలిగ్రామ్, ఐఆర్‌సీ అనే పాతకాలపు చాట్ అంటారు. ఆరు చోట్ల చేరాను. ఒక్కచోట కూడా నోరు విప్పలేదు. రోజుకు మూడొందల మెసేజ్‌లు వచ్చి పడుతుంటాయి, అందులో నాకు అర్థమయ్యేవి పది కూడా ఉండవు.

నా సంగతి ఇదీ: విండోస్ ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. మొబైల్ డేటా రోజుకు 1.5 జీబీ. చదువంతా ఒడియా మీడియం, తెలుగు ఇంట్లోది. ఇంగ్లీషు చదివితే తెలుస్తుంది, రాయాలంటే జంకు.

హాస్కెల్, ఎలిక్సిర్, ఓక్యామల్‌లో దేనితో మొదలుపెట్టాలి? ఆ భాషవాళ్లు నిజంగా ఎక్కడుంటారు? రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇది నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?


మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ముందు ఆ ఆరింట్లో నాలుగు వదిలెయ్యండి. "ఫంక్షనల్ ప్రోగ్రామింగ్" అని బోర్డు పెట్టుకున్న చోట్లలో అన్ని భాషలవాళ్లూ ఉంటారు, కొత్తవాళ్ల ప్రశ్న అక్కడ గాల్లో కలిసిపోతుంది. ముందు భాష ఎంచుకోవాలి, తర్వాత ఆ భాష సొంతిల్లు ఎక్కడో చూసి అక్కడికి వెళ్లాలి.

హాస్కెల్‌కు సొంతిల్లు డిస్కోర్స్ డాట్ హాస్కెల్ డాట్ ఆర్గ్. అందులో నేర్చుకునేవాళ్లకు విడిగా ఒక విభాగం ఉంది. ఓక్యామల్‌కు డిస్కస్ డాట్ ఓక్యామల్ డాట్ ఆర్గ్, ఎలిక్సిర్‌కు ఎలిక్సిర్ ఫోరమ్. మూడూ నెమ్మదిగా నడిచే చోట్లు. ఈరోజు అడిగితే రేపటికి జవాబు వస్తుంది. మీకు కావలసింది అదే. పేజీ తేలిక, డేటా తినదు. అదే ప్రశ్న రెండేళ్ల కిందట ఎవరో అడిగి ఉంటే గూగుల్‌లోనే తగులుతుంది. డిస్కార్డ్‌లో వచ్చిన జవాబు గూగుల్‌కు కనిపించదు. ఉచిత స్లాక్‌లోనైతే 90 రోజులు దాటిన మెసేజ్ తెరుచుకోదు. కష్టపడి రాబట్టిన జవాబు మూడు నెలల తర్వాత వెతికితే ఉండదన్నమాట.

క్లోజర్ అనే ఇంకో ఫంక్షనల్ భాష మాత్రం దీనికి తేడా. వాళ్ల సందడంతా క్లోజూరియన్స్ అనే స్లాక్‌లో ఉంటుంది. ఆ భాష పట్టుకుంటే తప్పదు. నిదానంగా అడగాలంటే వాళ్లకు ఆస్క్ క్లోజర్ అని విడిగా ఉంది.

ఇక భాష. మీ కాలేజీ లెక్కల మీద పట్టుంటే హాస్కెల్. ఆ భాష తొలి నివేదిక 1990లో వచ్చింది. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఆలోచనలను ఏ కల్తీ లేకుండా చూపిస్తుంది, అందుకే మొదట్లో కఠినంగా ఉంటుంది. పక్కదారి ఉండదు. జావాలోలాగా లూప్ రాసేసి తర్వాత చూద్దాంలే అనడానికి వీల్లేదు. ఓక్యామల్‌లో ఫర్ లూప్ ఉంది, మార్చుకోదగిన విలువలూ ఉన్నాయి. ఆ వెసులుబాటే కొత్తవాళ్లను పాత అలవాటులోకి లాగుతుంది. కానీ కంపైలర్ చురుకు, మెషిన్ మీద బరువు తక్కువ. 4 జీబీకి అది పెద్ద లాభం.

హాస్కెల్ పాఠాలకు మన దేశంలోనే మంచి దారి ఉంది. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మాధవన్ ముకుంద్, ఎస్.పి.సురేశ్ చెప్పిన హాస్కెల్ కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉంది. వీడియోలు ఉచితం. కోర్సు నడిచే సెమిస్టర్‌లో నమోదైతే దాని చర్చావేదికలో అడగవచ్చు. సెమిస్టర్ లేనప్పుడు వీడియోలు మాత్రం చూసుకుని, అనుమానాలు డిస్కోర్స్‌లో పెట్టండి. వీడియో 360పీలో పెట్టుకోండి, బోర్డు మీద అక్షరాలు కనిపిస్తాయి, డేటా మిగులుతుంది. వీడియోలు పడనివాళ్లకు హెల్సింకీ విశ్వవిద్యాలయం వాళ్ల హాస్కెల్ మూక్, అంటే అందరికీ తెరిచిన ఆన్‌లైన్ కోర్సు, ఉంది. పూర్తిగా ఉచితం, చదివే పాఠాలు, ప్రతి పాఠం చివర అభ్యాసాలు. వాటికి టెస్టులు కూడా వాళ్లే రాసి ఇచ్చారు. మీ ఫంక్షన్ తప్పైతే ఏ ఇన్‌పుట్‌కు తప్పిందో అదే చెప్తుంది.

అన్నిటికన్నా విలువైనది చివరికి చెప్తున్నాను. ఎక్సర్‌సిజమ్ అనే కోడింగ్ అభ్యాసాల సైట్. 2013 నుంచి ఉంది, ఉచితం, డెబ్బై పైచిలుకు భాషలకు ట్రాక్‌లున్నాయి. లెక్క చేసి పంపాక "మెంటర్ కావాలి" అని నొక్కితే మనిషి మీ కోడ్ చదివి రాస్తారు. యంత్రం సరే అన్నాక కూడా "ఇక్కడ రికర్షన్ ఎందుకు, ఫోల్డ్ సరిపోతుంది కదా" అని అడిగేవాళ్లు దొరికేది అక్కడే. రికర్షన్ అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం, ఫోల్డ్ అంటే లిస్ట్‌ను ఒక్క విలువగా మడిచే ఫంక్షన్. మొదట్లో ఒకేసారి ఒక్క మెంటర్ స్లాటే ఇస్తారు, కాబట్టి చిన్న లెక్కకు దాన్ని ఖర్చు చెయ్యకండి. జవాబు రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆ లోపు తర్వాతి లెక్క చేసుకోండి. బ్రౌజర్‌లోనే ఎడిటర్ ఉంది, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.


కొరాపుట్_ఘాటీ (జయపురం)

హాస్కెల్‌తో మొదలెట్టమనడం నాకు ఒప్పుదల లేదు. ఎంసీఏ రెండో ఏడు అంటే ఏడాదిలో ఉద్యోగం వెతుక్కోవాలి. ఎలిక్సిర్ చూడండి. జోజే వలీమ్ 2011లో మొదలుపెట్టిన భాష, ఎర్లాంగ్ యంత్రం మీద నడుస్తుంది. ఎర్లాంగ్ 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం పుట్టింది. వాట్సాప్ సర్వర్లు నడిచింది దాని మీదే. టైపుల గొడవ లేకుండా ప్యాటర్న్ మ్యాచింగ్, పైప్, రికర్షన్ ముందు చేతికి వస్తాయి. లైవ్‌బుక్ అని నోట్‌బుక్ ఉంది, పైథాన్‌లో జూపిటర్ వాడినవాళ్లకు కొత్తగా ఉండదు.

ఎలిక్సిర్ ఫోరమ్‌లో మర్యాద ఎక్కువ. "ఇది డాక్యుమెంటేషన్‌లో ఉంది చూసుకో" అని విసిరేసేవాళ్లు తక్కువ, ఏ పేజీలో ఉందో లింకు పెట్టి మరీ చెప్తారు. ఎక్సర్‌సిజమ్‌లో ఎలిక్సిర్ ట్రాక్‌కు ఒక్కో భావన ఒక్కో మెట్టుగా సిలబస్ కట్టి ఉంది, అడ్డదిడ్డంగా లెక్కలు ఎంచుకోనక్కర్లేదు.

తెలుగువాళ్లకు మాత్రమే తట్టే పరీక్ష ఒకటి చెప్తాను, మూడు భాషల స్వభావం అందులో బయటపడుతుంది. "తెలుగు" అన్న మాట పొడవు అడగండి. ఓక్యామల్ స్ట్రింగ్ లెంగ్త్ 18 అంటుంది, బైట్లు లెక్కపెట్టింది కాబట్టి. మన ఒక్కో గుర్తుకు యూటీఎఫ్-8లో 3 బైట్లు. హాస్కెల్ లెంగ్త్ 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని గుర్తులు విడివిడిగా లెక్కపెడుతుంది. ఎలిక్సిర్ స్ట్రింగ్ లెంగ్త్ 3 అంటుంది. తె, లు, గు. మనం పలికే లెక్క అదే. రివర్స్ చేయండి, ఎలిక్సిర్ గులుతె ఇస్తుంది. హాస్కెల్‌లో మామూలు రివర్స్ వాడితే కొమ్ము ముందుకొచ్చి, పట్టుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద వేలాడుతుంది. ఏ భాషా తప్పు చెప్పలేదు, అడిగిన ప్రశ్నే వేరు. స్ట్రింగ్ అంటే ఏమిటని ఒక్కో భాష అనుకుంటుందో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. ఇంకో సంగతి. హాస్కెల్‌లో ఆ మాటను ప్రింట్ అని పెడితే 3108, 3142, 3122 అని అంకెలు వస్తాయి. చెడిపోయిందని కంగారు పడొద్దు. అది ప్రింట్ లోపల షో అనే ఫంక్షన్ చేసే పని. పుట్ స్ట్రింగ్ లైన్ వాడితే అక్షరాలే వస్తాయి. విండోస్‌లో అదీ విరిగి, అక్షరాన్ని ఎన్‌కోడ్ చెయ్యలేనని ఎర్రర్ వస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు సీహెచ్‌సీపీ 65001 కొట్టి అప్పుడు నడపండి.


నాగావళి_గట్టు

ఇద్దరికీ దండాలు. హాస్కెల్‌తోనే వెళ్తాను, కొరాపుట్ అన్న తిట్టుకోకండి. బ్రౌజర్‌లోనే నడిచే హాస్కెల్ ప్లేగ్రౌండ్‌లో మొదలెట్టాను. సగటు కనుక్కునే ఫంక్షన్ రాశాను. సమ్‌ను లెంగ్త్‌తో భాగించాను, అంతే. ఎర్రర్ వచ్చింది, "ఫ్రాక్షనల్ ఇంట్‌కు ఇన్‌స్టాన్స్ లేదు" అని. దీన్ని డిస్కోర్స్‌లో అడగొచ్చా, నవ్వుతారా? అడిగితే ఎలా రాయాలి?


వంశధార_ఒడ్డు (గుణుపురం)

నవ్వరు, కానీ అడగాల్సిన అవసరం కూడా లేదు. ఎర్రర్‌ను కదిపి చూద్దాం.

హాస్కెల్‌లో భాగహారం గుర్తు దశాంశాలున్న రకాలకే, అంటే డబుల్ లాంటివాటికే పనిచేస్తుంది. ఆ గుంపు పేరు ఫ్రాక్షనల్. లెంగ్త్ ఎప్పుడూ ఇంట్ ఇస్తుంది. ఇంట్ ఆ గుంపులో లేదు. "ఇన్‌స్టాన్స్ లేదు" అంటే "ఈ రకం ఆ గుంపులో సభ్యుడు కాదు" అని. జావాలో ఇంట్‌ను డబుల్‌తో కలిపితే కంపైలర్ నోరు మూసుకుని మార్చేస్తుంది. హాస్కెల్ మార్చదు, మీరే చెప్పాలి. ఫ్రమ్ ఇంటిగ్రల్ అనే ఫంక్షన్ పెట్టి లెంగ్త్‌ను మార్చండి. లిస్ట్‌లో ఉన్నవి కూడా ఇంట్‌లే అయితే సమ్ ముందు కూడా పెట్టాలి. రెండిట్లో ఒకటే పెడితే అదే ఎర్రర్ ఇంకో చోటికి మారుతుంది. చాలామంది అక్కడే చిక్కుకుంటారు.

ఎర్రర్ పోయాక ఖాళీ లిస్ట్ ఇచ్చి చూడండి. క్రాష్ కాదు, ఎన్‌ఏఎన్ ("సంఖ్య కాదు" అనే గుర్తు) వస్తుంది, సున్నాను సున్నాతో భాగించింది కాబట్టి. ఆ విలువ మిగతా లెక్కల్లోకి పాకితే ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం కష్టం. ఫంక్షన్ ఫలితాన్ని మేబీ డబుల్‌గా, అంటే డబుల్ ఉండొచ్చు లేకపోవచ్చు అని చెప్పే రకంగా మార్చి, ఖాళీకి నథింగ్, లేకపోతే జస్ట్ ఇవ్వండి. మేబీ ఎందుకని పాఠంలో చదివేదానికన్నా ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఇక అడిగే పద్ధతి. ఎక్కడైనా జవాబు రాకపోవడానికి కారణం ఇంగ్లీషు కాదు, ప్రశ్న అసంపూర్తిగా ఉండటం. డిస్కోర్స్‌లో ప్రశ్న పెడితే ఇవి ఉండాలి. ఏం కావాలో ఒక వాక్యం. కోడ్ 20 గీతల లోపు, మీ ప్రాజెక్టు మొత్తం కాదు, తప్పు మళ్లీ కనిపించేంత ముక్క మాత్రమే. ఎర్రర్ పూర్తి పాఠం. స్క్రీన్‌షాట్ వద్దు, ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో అసలే వద్దు. జవాబు చెప్పేవాళ్లు దాన్ని కాపీ చేసి నడపాలి కదా. హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీ వెర్షన్. ఏం ప్రయత్నించి ఏం చూశారో. అయిదు ముక్కలూ ఉంటే "ప్లీజ్ హెల్ప్, అర్జెంట్" అన్న మాట అక్కర్లేదు. కోడ్‌కు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెట్టండి. లేకపోతే ఇండెంటేషన్ కొట్టుకుపోతుంది, హాస్కెల్‌లో ఇండెంటేషన్ పోతే అర్థమే మారిపోతుంది.

20 గీతలకు తగ్గించే పని సగం ప్రశ్నలను చంపేస్తుంది. తగ్గిస్తుంటేనే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

అడగకముందు కంపైలర్‌నే అడిగే ఉపాయం ఇంకోటి ఉంది. ఏం రాయాలో తెలియని చోట ఒక అండర్‌స్కోర్ పెట్టి వదిలెయ్యండి. జీహెచ్‌సీ ఆపి, "ఇక్కడ ఈ రకం కావాలి, నీ దగ్గర ఉన్నవాటిలో ఇవి సరిపోతాయి" అని పట్టీ ఇస్తుంది. దాన్ని టైప్డ్ హోల్ అంటారు. ఏ రకం కావాలో తెలిసింది గానీ ఫంక్షన్ పేరు తెలియదంటే హూగుల్‌కు వెళ్లండి. అందులో పేరుతోనే కాదు, రకంతో కూడా వెతకవచ్చు. ఈ రెండూ అలవాటైతే మనుషుల దగ్గరికి వెళ్లేవి "ఎందుకు" అన్న ప్రశ్నలే. ఆ ప్రశ్నలకే మంచి జవాబులు వస్తాయి.

ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ ఎప్పుడైనా చేద్దామంటే, అది డేటా ఎక్కువున్న రోజుకు పెట్టుకోండి. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్ ద్వారా చేస్తే విండోస్‌లో ఎంసిస్2 అనే పనిముట్ల కట్ట కూడా దిగుతుంది, మొత్తం విప్పాక డిస్క్‌లో కొన్ని జీబీలు పడుతుంది. అది లాంగ్వేజ్ సర్వర్ (కోడ్ రాస్తుండగానే ఎడిటర్‌లో తప్పులు చూపించేది) కూడా పెట్టుకోమని అడుగుతుంది, వద్దనండి. 4 జీబీ ర్యామ్‌లో లాంగ్వేజ్ సర్వర్, బ్రౌజర్, ఎడిటర్ మూడూ కలిస్తే మౌస్ కూడా కదలదు. కొట్టిన గీతను అక్కడికక్కడే నడిపే జీహెచ్‌సీఐ ఒక కిటికీలో, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఇంకో కిటికీలో. మార్చి సేవ్ చేసి జీహెచ్‌సీఐలో కోలన్ ఆర్ కొట్టండి, అంతకు మించి మొదటి మూడు నెలలు అక్కర్లేదు. లినక్స్‌కు మారితే ముందే లిబ్‌జీఎంపీ డెవ్ ప్యాకేజీ పెట్టుకోండి. అది లేకపోతే చివరి మెట్టులో "ఎల్‌జీఎంపీ దొరకలేదు" అని ఆగిపోతుంది, హాస్కెలే పాడైందనుకుంటారు.


మహేంద్రతనయ

వంశధార గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. హాస్కెల్‌లో కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టే మోనాడ్ అనే భావన గురించి ఎక్కడా అడగొద్దు, ఇప్పట్లో. మోనాడ్‌ను డబ్బాతో, గొట్టంతో, రైలుబోగీతో పోల్చే వ్యాసాలు లెక్కలేనన్ని ఉన్నాయి, చదివినకొద్దీ ముడి బిగుస్తుంది. లిస్ట్, రికర్షన్, మ్యాప్-ఫిల్టర్-ఫోల్డ్, సొంత డేటా టైపులు, మేబీ, టైప్ క్లాసులు, ఫంక్టర్. ఈ వరుసలో వస్తే మోనాడ్ మీ కోడ్‌లో ఇప్పటికే మూడుచోట్ల రాసి ఉంటారు. అప్పుడు పేరు తెలుసుకుంటే చాలు.


బరంపురం_సంత (బరంపురం)

లైవ్ చాట్ గురించి ఎవరూ చెప్పలేదు. ఐఆర్‌సీ పాతదని తీసెయ్యకండి. హాస్కెల్ ఛానెల్ 2021లో ఫ్రీనోడ్ నుంచి లిబెరా చాట్‌కు మారింది. బ్రౌజర్‌లోనే తెరవొచ్చు, అక్షరాలు తప్ప ఇంకేమీ రావు, రాత్రంతా తెరిచి ఉంచినా డేటా కొంచెమే తింటుంది. లాంబ్డాబాట్ అని ఒక బాట్ ఉంటుంది, దానికి ఒక ఎక్స్‌ప్రెషన్ ఇస్తే అందరిముందూ లెక్కకట్టి చెప్తుంది. తలుపు తట్టి "ఒక ప్రశ్న అడగొచ్చా" అనొద్దు, నేరుగా అడగండి. పెద్ద కోడ్‌ను పేస్ట్ సైట్‌లో పెట్టి లింకు ఇవ్వండి. అడిగాక గంటన్నర ఉండండి. చాలామంది రెండు నిమిషాలు చూసి వెళ్లిపోతారు, జవాబు ఆ తర్వాత వస్తుంది. మీరు బయటికి వెళ్లాక వచ్చింది మీ తెర మీద కనిపించదు.

వేళ కూడా ముఖ్యం. జవాబిచ్చేవాళ్లు ఎక్కువగా యూరప్‌లో ఉంటారు. చలికాలంలో మన గడియారం జర్మనీ, ఫ్రాన్స్‌ల కన్నా నాలుగున్నర గంటలు ముందు, వేసవిలో మూడున్నర. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ సాయంత్రం నాలుగు, అయిదు. ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా కూర్చోండి. పొద్దున్న పది గంటలకు అడిగితే సంతలో జనం రాకముందు దుకాణం తెరిచినట్టే.

డిస్కార్డ్‌లో జాగ్రత్త. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పేరుతోనే పెద్ద సర్వర్ ఉంది, భాషకో ఛానెల్, మంచిదే. కానీ కొత్తగా చేరినవాళ్లకు నేరుగా మెసేజ్‌లు వస్తాయి. "నా ప్రాజెక్టు చూసి చెప్పు" అని జిప్ ఫైలు పంపితే తెరవొద్దు, ఎక్కువభాగం అకౌంట్ దొంగలే. సర్వర్ సెట్టింగుల్లో నేరు మెసేజ్‌లు ఆపెయ్యండి. టెలిగ్రామ్‌లో "ఆరు వారాల్లో స్కాలా, ఉద్యోగం గ్యారంటీ" అనే గ్రూపులూ అంతే. ఇక్కడ పేర్లన్నీ ఉచితంగా దొరికేవే.

కాలేజీ అసైన్‌మెంట్ అయితే ముందే ఆ మాట చెప్పండి. సూచన ఇస్తారు, జవాబు ఇవ్వరు. దాచిపెట్టి దొరికితే ఆ పేరు మీద మళ్లీ ఎవరూ పలకరు. చాట్‌బాట్ ఇచ్చిన కోడ్‌ను మెంటర్‌కు పంపడం అంతకన్నా దండగ, ఆయన దిద్దేది మీ ఆలోచనను కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో అయితే 2022 డిసెంబరులోనే అలాంటి జవాబులను నిషేధించింది.

ఇక ఇక్కడి గుంపు సంగతి. ఆన్‌లైన్‌లో ఎంత దొరికినా పక్కన ముగ్గురు ఉంటే చదువు ఆగదు. ముగ్గురు నలుగురు చాలు, పదిమంది ఐతే ఇద్దరు రాస్తారు, ఎనిమిది మంది చూస్తారు. టెలిగ్రామ్ కన్నా జూలిప్ అనే చాట్ పెట్టుకోండి, ఒక్కో లెక్కకు ఒక్కో టాపిక్ వేరుగా ఉంటుంది, వారం తర్వాత వచ్చినా తప్పిపోరు. వారానికి ఒకే ఎక్సర్‌సిజమ్ లెక్క. ఆదివారం దాకా ఎవరి జవాబు వాళ్ల దగ్గరే, ఆదివారం రాత్రి ఒకేసారి పెట్టాలి. తర్వాత ప్రతివాళ్లూ ఇంకొకరి కోడ్‌లో ఒక గీత తీసుకుని, అది ఎందుకలా ఉందో అడగాలి. అంతే, ఇంకో నియమం వద్దు.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగే గానీ చదువు ఒడియాలో, కాబట్టి కొందరికి తెలుగు చదవడం నెమ్మది. ఫంక్షన్‌ను తెలుగు బడిలో ప్రమేయం అంటారు, ఒడియా పుస్తకంలో ఫళన అని ఉంటుంది. ఆ రెండు మాటల్లో ఏదీ పట్టుబట్టొద్దు, ఫంక్షన్ అనండి చాలు. వివరణ వాయిస్ నోట్‌లో తెలుగులో చెప్పుకోండి, కోడ్, టైపు సంతకం (ఫంక్షన్ ఏ రకం తీసుకుని ఏ రకం ఇస్తుందో చెప్పే గీత) మాత్రం టైపు చెయ్యండి. టైపు సంతకం అన్ని ఊళ్లకూ ఒకటే. "లిస్ట్ తీసుకుంటుంది, మేబీ డబుల్ ఇస్తుంది" అని ఒక గీత రాస్తే పాతపట్నం నుంచైనా గుణుపురం నుంచైనా దాన్ని ఒకేలా చదువుతారు.

పెద్ద కోడ్ చదవాలనిపించే రోజు వచ్చాక నమ్మ యాత్రి చూడండి. బెంగళూరు ఆటోల యాప్, దాని సర్వర్ కోడ్ హాస్కెల్‌లో, గిట్‌హబ్‌లో తెరిచి పెట్టారు. 4 జీబీ మెషిన్‌లో దాన్ని కట్టే ప్రయత్నం చెయ్యకండి, బ్రౌజర్‌లో చదవండి. అలాగే ఫంక్షనల్ కాన్ఫ్ అని 2014 నుంచి జరుగుతున్న సభ ఉంది, పాత ప్రసంగాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి.


నాగావళి_గట్టు

సగటు పనిచేసింది, ఖాళీ లిస్ట్‌కు నథింగ్ వస్తోంది. జీహెచ్‌సీఅప్ కూడా పెట్టాను, లాంగ్వేజ్ సర్వర్ లేకుండా. జూలిప్‌లో గుణుపురం నుంచి ఒకరు చేరి ఇద్దరం అయ్యాం.

కొత్త తంటా. ఒకటి నుంచి కోటి దాకా కూడమని ఫోల్డ్ఎల్‌తో రాసి జీహెచ్‌సీఐలో కొట్టాను. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పైకి ఎగబాకుతూనే ఉంది. లాంబ్డాబాట్‌కు చిన్న సంఖ్య ఇస్తే క్షణంలో చెప్పింది. కూడికకు ఇంత మెమరీ ఎందుకు? పద్ధతి ప్రకారం: కావలసింది మొత్తం, కోడ్ ఒకే గీత, ఎర్రర్ ఏదీ రాలేదు, సంఖ్య లక్షకు తగ్గిస్తే బాగానే ఉంది.


వంశధార_ఒడ్డు

వెర్షన్ చెప్పలేదు, అదొక్కటి మిగిలింది. ఎందుకు ముఖ్యమో చివర్లో చూడండి.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తలచుకోండి. షావుకారు ప్రతి సరుకూ ఒక గీత రాస్తాడు, మొత్తం కట్టడు. నెలాఖరుకు మీరు "ఎంతయింది" అంటే అప్పుడు మొదటి గీత నుంచి కూడతాడు. హాస్కెల్ ఫోల్డ్ఎల్ అదే చేస్తుంది. సున్నాకు ఒకటి కలుపు, దానికి రెండు కలుపు, దానికి మూడు అని చెయ్యాల్సిన పనిని రాసుకుంటూ పోతుంది, చెయ్యదు. కోటి సంఖ్యలకు కోటి పెండింగ్ కూడికలు మెమరీలో గొలుసు కడతాయి. చివర జవాబు అడిగాక ఆ గొలుసు లోపలికి దిగడానికి స్టాక్ కూడా అంతే పెరుగుతుంది. లక్షకు గొలుసు చిన్నది, మీకు కనిపించలేదు.

ఫోల్డ్ఎల్ ప్రైమ్ వాడండి, పేరు చివర ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. అది గీత రాసినప్పుడే మొత్తం కట్టేస్తుంది, పుస్తకంలో ఎప్పుడూ ఒకటే సంఖ్య. జీహెచ్‌సీ 9.10 నుంచి అది, ఇంపోర్ట్ లేకుండానే దొరికే ప్రెల్యూడ్ మాడ్యూల్‌లోనే ఉంది. అంతకుముందు వెర్షన్ అయితే డేటా లిస్ట్ మాడ్యూల్ ఇంపోర్ట్ చెయ్యాలి, లేకపోతే "స్కోప్‌లో లేదు" అంటుంది. వెర్షన్ అడిగింది అందుకే.

ఇదే కోడ్‌ను ఆప్టిమైజేషన్ పెట్టి కంపైల్ చేస్తే మామూలు ఫోల్డ్ఎల్ కూడా బాగానే నడుస్తుంది. జీహెచ్‌సీ ఇక్కడ సోమరితనం, అంటే పనిని ఇలా వాయిదా వెయ్యడం, అక్కర్లేదని కనిపెట్టి ముందే కూడేస్తుంది. జీహెచ్‌సీఐ అలా ఆప్టిమైజ్ చెయ్యదు. "నాకు బాగానే నడిచిందే" అని ఎవరైనా డిస్కోర్స్‌లో అంటే, ఎలా నడిపారో అడగండి.

అడిగే ముందు ఇంకో ప్రయోగం చెయ్యండి. కూడిక కాకుండా సగటు కోసం మొత్తాన్నీ లెక్కనూ జంటగా మోసుకుపొండి, ఫోల్డ్ఎల్ ప్రైమ్‌తోనే. మెమరీ మళ్లీ ఎగబాకుతుంది. ప్రైమ్ జంట పై మూతను మాత్రమే తెరుస్తుంది, లోపలి రెండు సంఖ్యలూ రాసుకున్న పద్దులుగానే మిగిలిపోతాయి. దాన్ని ఎలా ఆపాలన్నదే డిస్కోర్స్‌లో మీ మొదటి ప్రశ్న చెయ్యండి. బ్యాంగ్ ప్యాటర్న్‌లంటారు, స్ట్రిక్ట్ ఫీల్డులంటారు, ఇద్దరు ముగ్గురు ఒకరితో ఒకరు వాదించుకుంటారు. అదంతా చదవండి.


నాగావళి_గట్టు

వెర్షన్ 9.6. ఇంపోర్ట్ చేశాను, క్షణంలో వచ్చింది. జంట ప్రయోగం కూడా చేశాను, మీరన్నట్టే ఎగబాకింది. ప్రశ్న 14 గీతలకు తగ్గింది, ఈ రాత్రి ఎనిమిదిన్నరకు పెడుతున్నాను.